రెండింటి కథ

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను మూడు పట్టణములు కలవు. మొదటి రెండును పెన్నానది చెంత వెలసినవి. ఈ పేర్లను ఒకసారి మెల్లగా పలికి చూడుడు. ప్రొద్దుటూరు అనగానే ప్రొద్దుట, ఊరు అను రెండు మాటలు వినబడును. సంస్కృతాభిమానులు ఆ పేరును బ్రధ్నపురి యని మార్చిరి. బ్రధ్నుడనగా సూర్యుడు, పురి యనగా పట్టణము. అందును రెండు మాటలే. జమ్మలమడుగు అను పేరిలో జమ్ము, మడుగు చేరి యున్నవి. పూర్వము పులులు మందలుగా తిరిగిన చోటగుటచే పులిమందల యను పేరు కలిగెననియు, అదియే పులివెందుల యయ్యెననియు పెద్దలు చెప్పుదురు.

ప్రొద్దుట అను మాట లోకమున కెల్ల సామాన్యమైనది. ఊరు అను మాటయు అట్టిదే. ఆ రెండును జంటయైనప్పుడు పెన్న యొడ్డున నున్న ఒక పట్టణము, దాని వీధులు, దాని అంగళ్ళు మన మనస్సున మెదలును. రెండు చిన్న మాటలు చేరి ఇంత పని చేయుచున్నవి. ఇట్లు రెండింటి చేరికను తెలుపు మాట యొకటి నేడు మీకు తరచుగా వినబడుచున్నది. అది బైనరీ అను మాట. కంప్యూటరును గూర్చిన పాఠములో అది మొదటి పుటలోనే కనబడును. దాని పుట్టుక యెట్టిది? దానికిని మనకును గల చుట్టరికమేమి? ఈ పాఠమున విచారింతము.

బైనరీ అను ఆంగ్లపదమునకు మూలము లాటిను భాష. ఆ భాషలో బీనీ అను మాటకు రెండేసి యని యర్థము. బడిపిల్లలకు పలకలు పంచునప్పుడు ‘రెండేసి తీసికొనుడు’ అందుము గదా, ఆ రెండేసి యన్నమాటయే బీనీ. దానినుండి పుట్టిన బీనారియుస్ అను పదము రెండింటితో కూడినదానిని తెలుపును. అదియే ఆంగ్లములో బైనరీ యయ్యెను. దాని చుట్టములు మన ఇండ్లలోనే తిరుగుచున్నవి. బైసికిలు అనగా రెండు చక్రములు గలది. బిస్కట్టు అనగా రెండుమారులు కాల్చినది. ఓడలలో దూరప్రయాణము చేయువారు రొట్టె చెడకుండుటకై దానిని మరల కాల్చి గట్టిపరచుకొనెడివారు. ఆ ‘రెండుమారులు’ అను అర్థము ‘బిస్’ అను తొలి భాగమున నున్నది.

లాటినులోని ‘బి’ మిక్కిలి ప్రాచీన దశలో ‘దుయి’ అని యుండెను. ‘దుయి’ యన్నంతనే సంస్కృతమున ‘ద్వి’ అను శబ్దము మీకు తోచకమానదు. ఆ రెండును ఒకే తల్లి బిడ్డలు. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగమున చెప్పెను. కావున బైనరీ యను పరదేశి మాటకును, ద్విజుడు, ద్వీపము, ద్వంద్వము మొదలగు మాటలకును రక్తసంబంధము కలదు. రెండు జన్మములు గలవాడు ద్విజుడు. పక్షియు, దంతమును ద్విజములే. ఏలయన పక్షి ఒకమారు గ్రుడ్డుగను, మరల పిల్లగను పుట్టును; దంతము ఊడి మరల మొలచును. తొండముతో ఒకమారు, నోటితో ఒకమారు నీరు త్రాగును గనుక ఏనుగు ద్విపము.

మరి మన తెలుగు మాట ‘రెండు’ ఎచ్చటిది? అది వేరొక కుటుంబమునకు చెందినది. తమిళమున ఇరండు, కన్నడమున ఎరడు, మలయాళమున రండు. ఈ నాలుగును తోబుట్టువులు. తెలుగు మొదలగు దక్షిణదేశ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వానికి వేరు మూలము కలదనియు ఎల్లిసు అను విద్వాంసుడు 1816లో నిరూపించెను. కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణమునకు ఆతడు వ్రాసిన పీఠికలో ఆ సంగతి యున్నది. ‘ఇరు’ అను మూలరూపము నేటికిని మన మాటలలో దాగియున్నది. ఇరువురు, ఇరువది, ఇరువైపుల, ఇమ్మడి అను మాటలను గమనింపుడు. జంట, జత, జోడు, కవ అనునవియు రెండింటిని తెలుపునవే.

ఇట్టి మాటలను ప్రోగుచేయుటకు కడప పట్టణమే ఒకప్పుడు పెద్ద కార్యస్థానమయ్యెను. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన చార్లెసు ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చి, పండితులను, వ్రాయసకాండ్రను చేర్చి, తాటాకు గ్రంథములను వెదకించి ప్రతులు వ్రాయించెను. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథమును ప్రకటించెను. ఆతని తెలుగు నిఘంటువు 1852లో వెలువడెను. ఆతడు నివసించిన స్థలముననే నేడు ఆతని పేర భాషాపరిశోధన కేంద్రము, గ్రంథాలయము కలవు. ఆ నేల తెలుగు మాటకు క్రొత్త కాదు. రేనాటి చోడులు క్రీ.శ. 575 ప్రాంతమున వేయించిన కలమళ్ళ శాసనము ఈ జిల్లాలోని ఎర్రగుంట్ల చేరువలోనిదే. సంపూర్ణముగ తెలుగులో నున్న శాసనములలో అది మొదటిదని చెప్పుదురు.

బైనరీ అను మాటను శాస్త్రజ్ఞులు పలుతావుల వాడుదురు. ఒకదాని చుట్టు నొకటి తిరుగు జంట నక్షత్రములకు 1802లో విలియం హెర్షెలు ఈ పేరు పెట్టెను. పెండ్లినాడు వధూవరులకు వసిష్ఠారుంధతులను చూపుదురు గదా. ఆ వసిష్ఠ నక్షత్రమును దూరదర్శినితో చూచినచో అదియే మరల రెండుగా కనబడును. రెండు మూలద్రవ్యముల చేరికయు బైనరీయే. మనము తిను ఉప్పు సోడియము, క్లోరినుల చేరిక. సోడియము నీటిలో పడిన భగ్గుమను లోహము. క్లోరిను ఊపిరిని బాధించు వాయువు. రెండును చేరిన రుచిగల ఉప్పగుట వింత గదా. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారమునకు పేరొందిన పట్టణము. మేలిమి బంగారము మెత్తన. నగకు బిగువు చాలదు. అందుచే కంసాలి దానికి ఇతర లోహమును కొంచెము చేర్చును. రాగిని మాత్రమే చేర్చినచో అది రెండు లోహముల మిశ్రమము, అనగా బైనరీ మిశ్రమము.

ఈ ఉదాహరణము లన్నింటను ఒక సంగతి స్పష్టము. రెండు చేరినప్పుడు మూడవ గుణ మొకటి పుట్టుచున్నది. సంఖ్యలలో ఇది మరింత చక్కగా కనబడును. దానిని తెలియుటకు యంత్రము అక్కరలేదు. మన అవ్వల వంటయింటికి పోయిన చాలును.

తెలుగునాట ధాన్యము కొలుచుటకు వాడిన పాత్రలను తలచుడు. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. రెండు కుంచములు ఒక ఇరస. రెండు ఇరసలు ఒక తూము. పాత్ర పరిమాణము ప్రాంతమును బట్టి మారినను, ఈ రెట్టింపు క్రమము మాత్రము తప్పలేదు. గిద్దను ఒకటిగా నెంచినచో ఈ తొమ్మిది కొలతలు వరుసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256 గిద్దలగును.

ఒక యిల్లాలి యొద్ద ఈ పాత్రలు ఒక్కొక్కటి మాత్రమే యున్నవనుకొనుడు. ఒక్కొక్క పాత్రను ఒకమారు నింపవచ్చును, లేదా విడువవచ్చును. ఆమె 13 గిద్దల బియ్యము కొలువవలెనన్నచో ఏమి చేయును? ఒక తవ్వ, ఒక సోల, ఒక గిద్ద కొలుచును. 8, 4, 1 కలసి 13. అరసోలతో పని లేదు. పెద్ద పాత్రనుండి చిన్న పాత్రకు వచ్చుచు, నింపినదానికి 1 అనియు, విడిచినదానికి 0 అనియు వ్రాసినచో తవ్వకు 1, సోలకు 1, అరసోలకు 0, గిద్దకు 1 వచ్చును. చేర్చి వ్రాసిన 1101. బైనరీ లెక్కలో 13 అను సంఖ్యను వ్రాయు తీరు ఇదియే. దీనిని తెలుగులో ద్విసంఖ్యామానము అందురు. తొమ్మిది పాత్రలతో ఒకటి మొదలు 511 వరకు గల ఏ లెక్కనైనను తప్పకుండ కొలువవచ్చును. అక్షరము రాని యిల్లాలును ఆ పని చేయగలిగెను.

పాత నాణెములును ఇట్టివే. రూపాయిలో సగము అర్ధరూపాయి, దానిలో సగము పావలా, దానిలో సగము బేడ, దానిలో సగము అణా, దానిలో సగము అర్ధణా, దానిలో సగము కానీ. రూపాయికి 64 కానులు. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి రూపాయికి 100 నయాపైసలను పద్ధతి వచ్చి, ఆ సగముల మెట్లు క్రమముగా మరుగుపడెను.

బజారులో సగములతో నడచిన లెక్క పద్యములో లఘువు గురువులతో నడచెను. మీరు ఛందస్సు నేర్చియున్నారు. రెప్పపాటున పలుకదగిన అక్షరము లఘువు; దానికి రెట్టింపు కాలము పట్టునది గురువు. పద్యమున ఏ యక్షరమైనను ఈ రెండింటిలో ఒకటి కావలసినదే. లఘువును ‘ల’ అనియు, గురువును ‘గ’ అనియు వ్రాయుదము. ఒక్క అక్షరమునకు గ, ల అని రెండే తీరులు. రెండక్షరములకు గగ, లగ, గల, లల అని నాలుగు. మూడక్షరములకు ఎనిమిది. అవియే మన ఎనిమిది గణములు:

1. గగగ – మగణము
2. లగగ – యగణము
3. గలగ – రగణము
4. లలగ – సగణము
5. గగల – తగణము
6. లగల – జగణము
7. గలల – భగణము
8. లలల – నగణము

ఇట్లు సాధ్యమైన రూపములన్నింటిని ఒక క్రమమున పరచి వ్రాయుటకు ప్రస్తారమని పేరు. ఛందశ్శాస్త్రమునకు మూలపురుషుడైన పింగళుడు దీనిని సూత్రములలో చెప్పెను. ఆతడు క్రీస్తునకు పూర్వుడని పలువురు పండితుల మతము. యమాతారాజభానసలగం అను సూత్రమును మీరు కంఠస్థము చేసియుందురు. అందు వరుసగా ఏ మూడక్షరములు తీసినను ఒక్కొక్క గణము వచ్చును. పది యక్షరములలో ఎనిమిది గణములును, ఏదియు రెండవమారు రాకుండ, ఇమిడియున్నవి.

అక్షరము ఒకటి పెరిగినప్పుడెల్ల రూపములు రెట్టింపగును. ఇక ఉత్పలమాలను చూడుడు. పాదమునకు ఇరువది యక్షరములు. ఇరువది యక్షరములతో ఏర్పడగల రూపములు 10,48,576. వీనిలో ఉత్పలమాల ఎన్నవది? 3,55,799వది యని ఛందోగ్రంథములు చెప్పుచున్నవి. ఆ పెద్దలు మూడున్నర లక్షల వరుసలను తాటాకులపై వ్రాసి లెక్కించిరా? అట్టి శ్రమ వారికి అక్కరలేకపోయెను. ఉద్దిష్టము అను ఉపాయము వారి యొద్ద నుండెను. కేదారభట్టు తన వృత్తరత్నాకరమున దానిని వివరించెను.

ఉపాయ మిది. అక్షరములపై ఎడమనుండి 1, 2, 4, 8 అని రెట్టించుచు అంకెలు వేయవలెను. లఘువులపై నున్న అంకెలను మాత్రము కూడవలెను. ఆ మొత్తమునకు ఒకటి చేర్చవలెను. జగణమును చూతము. లగల. పైన 1, 2, 4. లఘువులపై నున్నవి 1, 4. కూడిన 5, ఒకటి చేర్చిన 6. పై పట్టికలో జగణము ఆరవదే. ఉత్పలమాల పాదము ఇట్లుండును: గలల గలగ లలల గలల గలల గలగ లగ. ఇందు పండ్రెండు లఘువులు కలవు. వానిపై నుండు అంకెలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. ఓపికతో కూడుడు. 3,55,798 వచ్చును. ఒకటి చేర్చుడు. గ్రంథములలోని సంఖ్య కనులయెదుట నిలుచును. గురువునకు 0, లఘువునకు 1 అని యెంచినచో ఇది సాక్షాత్తు బైనరీ లెక్కయే. అవ్వ గిద్దలతో చేసిన కొలతకును, లాక్షణికుడు లఘువులతో చేసిన గణనకును పద్ధతి యొక్కటియే.

ఇంతమాత్రమున కంప్యూటరును మన పూర్వులే కనిపెట్టిరని చెప్పరాదు. అట్లు చెప్పుట వారికి గౌరవము కాదు. వారు పద్యరూపములను లెక్కించుటకు ఈ మార్గమును త్రొక్కిరి. 0, 1 అను రెండంకెలతోనే సంఖ్యలన్నింటిని వ్రాసి కూడికలు, గుణకారములు చేయు విధమును జర్మను తత్త్వవేత్త లైబ్నిట్సు 1703 నాటి వ్యాసమున విశదపరచెను. అవును, కాదు అను రెండు మాటలతో తర్కమునంతను లెక్కగా మార్చవచ్చునని జార్జి బూలు 1854లో గ్రంథము వ్రాసెను. విద్యుత్తు మీటను వేయుట, తీయుట అను రెండు స్థితులతో ఆ తర్కమును నడపవచ్చునని 1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానను నిరూపించెను. ఒక్క 0 లేక 1కి ‘బిట్టు’ అను పేరు 1948లో ఆతని వ్యాసము ద్వారా లోకమునకు తెలిసెను. ఇట్లు పలుదేశముల వారి బుద్ధి చేరి కంప్యూటరు పుట్టెను.

ఆ యంత్రమునకు తెలుగు వచ్చునా? వచ్చును. లోకమునందలి లిపుల కెల్ల సంఖ్యల నిచ్చు యూనికోడు పద్ధతి 1991లో వెలువడినప్పుడే తెలుగునకు అందు స్థానము లభించెను. మనము అక్షరాభ్యాసమున మొదట దిద్దు ‘అ’ కారమునకు అందు 3077 అను సంఖ్య కలదు. రెండంకెలతో వ్రాసిన 110000000101. 2048, 1024, 4, 1 కూడి చూడుడు, 3077 వచ్చును. తెరమీద మీరు ‘అమ్మ’ అని వ్రాసినప్పుడు లోపల ఇట్టి సున్నలు, ఒకట్లు బారులు తీరుచున్నవి.

బాలబాలికలారా! ఇంతవరకు రెండింటి బలమును చూచితిమి. ఇక రెండింటివలన కలుగు ఆపదను చూడవలెను. ద్వంద్వము అను మాటను వ్యాకరణమునందు నేర్చియున్నారు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కష్టసుఖములు. రెండు పదముల యర్థమును సమానప్రధానముగ నుండుట ద్వంద్వ సమాస లక్షణము. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ యను మాట అందు లేదు. అయితే నిఘంటువును చూచినచో ద్వంద్వమునకు కలహమను అర్థమును కనబడును. ద్వంద్వయుద్ధ మన్నప్పుడు ఆ యర్థమే. ఒకే మాటలో జంటయు, జగడమును కాపురము చేయుచున్నవి.

జంటకు నిదర్శనము కావలెనన్న ప్రొద్దుటూరును తలచుడు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారము వేంకటశేషశాస్త్రి అను ఇరువురు కవులు రాజశేఖర వేంకటశేష కవులను పేర జంటగా అవధానములు చేసిరి. తరువాత రాజశేఖర శతావధాని రాణాప్రతాపసింహ చరిత్రమును, వేంకటశేషశాస్త్రి శ్రీ శివభారతమును వ్రాసిరి. ఒకరి కథానాయకుడు రాజపుత్రుడు, ఒకరి కథానాయకుడు మహారాష్ట్రుడు. జంటగా నున్నను ఒకరిలో నొకరు కరగిపోలేదు. ద్వంద్వ సమాసమునకు ఇంతకంటె మంచి యుదాహరణము వేరొకటి యుండునా?

జగడమునకు నిదర్శనమును ఈ సీమలోనే కలదు. దానిని దాచుట మేలు కాదు. 20వ శతాబ్దమున ఈ పట్టణముల చుట్టునున్న పల్లెలు కొన్ని రెండు కక్షలుగా చీలి చాలకాలము బాధపడినవి. ఊరికి ఎవరు వచ్చినను మొదటి ప్రశ్న, ‘నీవు ఎవరి పక్షము?’ అని. ఇటు లేక అటు. మూడవ సమాధానమునకు తావు లేదు. ఒక పక్షమువారు త్రాగు నీటి చోటికి వేరొక పక్షమువారు పోరాదు. ఒకరి పెండ్లికి ఒకరు పోరాదు. ప్రాణములు పోయినవి. తల్లులు బిడ్డలను, బిడ్డలు తండ్రులను పోగొట్టుకొనిరి. పగ తీరక, రాత్రివేళ ఎదుటివారి చీనీతోటలను నరికివేసిన సందర్భములును కలవు. ఏండ్ల తరబడి బిందెలతో నీరు పోసి పెంచిన చెట్లు తెల్లవారునప్పటికి నేల గూలెను. ఆ చెట్లు ఎవరి పక్షము? అవి కాచిన కాయలు ఎవరి పక్షము?

ఈ విషయమును మనము నేర్చిన లెక్కతో చూతము. ఒక్క యక్షరమునకు రెండే రూపములు. ఒక్క ప్రశ్నకు అవును, కాదు అను రెండే సమాధానములైనచో, లోకములోని జనులందరు రెండు కుప్పలుగా మాత్రమే కనబడుదురు. అందు రైతు, కంసాలి, వైద్యుడు, పాటగాడు ఎవరును వేరుగా కనబడరు. అదే ఇరువది ప్రశ్నలు అడిగినచో పది లక్షలకు పైగా వేరువేరు మనుష్యులు కనబడుదురు. నీకు పద్యము వచ్చునా? పొలము దున్నగలవా? ఆకొన్నవానికి అన్నము పెట్టుదువా? అబద్ధమాడుటకు వెనుదీయుదువా? ఇట్టి ప్రశ్నలు ఒక్కొక్కటి చేర్చుచు పోయినకొలది ఎదుటి మనిషి రూపము స్పష్టమగును. అప్పుడు వానికిని నాకును ఎన్నియో అంకెలు సమానముగా నున్నవని తెలియును.

ఒక్క గురువుతో ఉత్పలమాల పుట్టదు. ఒక్క గిద్దతో ఊరికి అన్నము పెట్టలేము. ఒక్క సున్నతో ‘అమ్మ’ అను మాటను వ్రాయలేము. లఘువు గురువును వెలివేసినచో పద్యము లేదు. 0 లేనిచో 1101 అను సంఖ్య 13 కాక వేరొకటి యగును. రెండింటి బలము వాని చేరికలో నున్నది. ఆ చేరిక మరువబడిన నాడు రెండు అను మాటకు చీలిక యను అర్థమొక్కటే మిగులును.

కావున రెండేసి యని పుట్టిన ఆ పరదేశి మాటను వినినప్పుడు మన లఘుగురువులను, గిద్దను, తూమును తలచుడు. ఎవరైన మిమ్ము ‘ఇటా, అటా?’ యని నిలదీసినప్పుడు తొందరపడి బదులు చెప్పక, అడుగవలసిన ప్రశ్నలు ఇంకను పందొమ్మిది కలవని జ్ఞాపకముంచుకొనుడు.

ప్రశ్నలు

1. బైనరీ, బైసికిలు, బిస్కట్టు అను మాటలకు గల సంబంధమును తెలుపుడు.
2. గిద్ద మొదలు తూము వరకు గల కొలతలతో 100 గిద్దల ధాన్యమును ఏ పాత్రలతో కొలువవలెను? దానిని 0, 1 అను అంకెలతో వ్రాయుడు.
3. ఉద్దిష్టము అను ఉపాయముచే భగణము ప్రస్తారమున ఎన్నవదియో లెక్కించి చూపుడు.
4. ద్వంద్వము అను పదమునకు గల రెండర్థములను ఉదాహరణములతో వివరింపుడు.
5. ‘అడుగవలసిన ప్రశ్నలు ఇంకను పందొమ్మిది కలవు’ అను వాక్యము యొక్క భావమును మీ మాటలలో వ్రాయుడు.